దీర్ఘకాలిక నొప్పి కొద్దిమంది బాధ కాదు

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని, తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పి అంటుంది. దెబ్బ, బెణుకు, ఆపరేషన్ కోత సాధారణంగా ఆలోపే మానిపోతాయి కాబట్టి గీత అక్కడ గీశారు. ప్రపంచ ఆరోగ్య సభ 2019లో ఆమోదించగా 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన 11వ అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో దీర్ఘకాలిక నొప్పికి ప్రత్యేక విభాగమే ఏర్పడింది. వేరే జబ్బేదీ దొరకకపోయినా నొప్పినే జబ్బుగా నమోదు చేసే వీలు అందులో ఉంది. జాగ్రత్తగా అడిగిన సర్వేలు చాలావరకు పెద్దవాళ్ళలో అయిదుగురికి ఒకరు ఈ గీతకు అవతల ఉన్నారని చెబుతున్నాయి.

జనంలోనూ, వైద్యుల్లో చాలామందిలోనూ, ఆరోగ్య పథకాలు రాసేవారిలోనూ పాతుకుపోయిన అభిప్రాయం మాత్రం వేరు. నొప్పి ఏదో ఒక జబ్బుకు లక్షణమనీ, ఆ జబ్బు నయమైతే అదే పోతుందనీ, పోలేదంటే వయసు మీద పడటం వల్లనో మనసు బలహీనత వల్లనో అనీ అంటారు. అలాంటివాళ్ళు ఏ కాస్తమందో ఉంటారనీ, కోట్లలో అంకెలు చెప్పేవాళ్ళు గోరంతను కొండంత చేస్తున్నారనీ కూడా అంటారు. ఈ అభిప్రాయంలో ఏ ముక్కా పరీక్షకు నిలవదు. పైగా దీనివల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. కొద్దిమంది బాధ అనుకున్నదానికి ప్రభుత్వం డబ్బు కేటాయించదు, వైద్య కళాశాల గంటలు కేటాయించదు, ఇంట్లోవాళ్ళు ఓపిక కేటాయించరు.

అంకెలు ఒకదానితో ఒకటి పొసగవన్నది మొదటి ఆక్షేపణ. పైకి బలంగా కనిపించేదీ ఇదే. స్కాట్లండ్‌లోని గ్రాంపియన్ ప్రాంతంలో జరిపి 1999లో ప్రచురించిన అధ్యయనం 50.4 శాతం అంది. బ్రిటన్ అధ్యయనాలను కలిపి 2016లో వేసిన లెక్క 43.5 దగ్గర ఆగింది. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011 నివేదిక 10 కోట్లమంది అని రాస్తే, 2016 జాతీయ ఆరోగ్య సర్వే ఆ సంఖ్యను 5 కోట్లకు, అంటే 20.4 శాతానికి దించింది. మన దేశంలో ఎనిమిది నగరాల్లో 5,004 మందిని అడిగి 2014లో ప్రచురించిన సర్వేలో 13 శాతం తేలితే, 2018లో వెలువడిన మరో సర్వేలో 19.3 తేలింది. పదమూడు నుంచి యాభై దాకా పోయే లెక్కను ఎలా నమ్మాలని అడుగుతారు.

తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే ఆ సర్వేలు అడిగిన ప్రశ్నలు చదవాలి. గ్రాంపియన్‌లో నొప్పి గానీ, అసౌకర్యం గానీ, ఎడతెగకుండా గానీ, వస్తూపోతూ గానీ మూడు నెలలకు పైగా ఉందా అని అడిగారు. అమెరికా ప్రభుత్వ సర్వే గత ఆరు నెలల్లో నొప్పి ఎంత తరచుగా ఉందని అడిగి నాలుగు జవాబులు ఇచ్చింది: ఎప్పుడూ లేదు, కొన్ని రోజులు, చాలా రోజులు, ప్రతిరోజూ. చివరి రెండు జవాబులు ఇచ్చినవారినే లెక్కలోకి తీసుకుంది. ఏడాదిగా వారానికి రెండు రోజులు మోకాలు పట్టేసి మెట్లు దిగలేకపోతున్న మనిషి మొదటి లెక్కలో ఉంటుంది, రెండో లెక్కలో ఉండదు. ఆమె మోకాలు మారలేదు, జల్లెడ మారింది. 2011 నివేదిక వాడిన 10 కోట్ల అంకె సంగతీ అంతే. ఏడాది కాలంలో కీళ్ళనొప్పి, నడుమునొప్పి, తలనొప్పి వంటివి దీర్ఘకాలంగా ఉన్నవారందరినీ అది పెద్ద జల్లెడతో పట్టింది. బీపీ విషయంలోనూ 140 దగ్గర గీత గీస్తే ఒక సంఖ్య, 130 దగ్గర గీస్తే మరో సంఖ్య వస్తాయి. అందుకని బీపీయే లేదని ఎవరూ అనరు.

జల్లెడ సన్నంగా ఉన్న చోట జవాబులు దగ్గర దగ్గరగానే వచ్చాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 17 వేలమందికి పైగా అడిగి 2001లో ప్రచురించిన సర్వేలో మగవారిలో 17.1 శాతం, ఆడవారిలో 20 శాతం. యూరప్‌లోని 15 దేశాల్లోనూ ఇజ్రాయెల్‌లోనూ 46,394 మందిని ఫోనులో అడిగి 2006లో వెలువరించిన సర్వేలో 19 శాతం. అక్కడ ఆరు నెలలు దాటి ఉండటమే కాక, పదికి కనీసం అయిదు తీవ్రత ఉన్న నొప్పినే లెక్కపెట్టారు. అమెరికాలో 20.4, భారత్‌లో 19.3. వేర్వేరు ఖండాల్లో, వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు బృందాలు వేసిన లెక్కలు ఇవి. ఇంత దగ్గరగా రావడాన్ని కాకతాళీయం అని తోసెయ్యడం కష్టం.

జల్లెడను ఇంకా సన్నం చేసి, పనులు ఆగిపోయేంత నొప్పి ఉన్నవారినే తీసుకున్నా వాదం బలపడుతుందే తప్ప తగ్గదు. అమెరికాలో నొప్పివల్ల రోజువారీ పనులో ఉద్యోగమో చాలా రోజులు గానీ ప్రతిరోజూ గానీ కుంటుపడుతున్నవారు 2016లో 8 శాతం, అంటే 1.96 కోట్లమంది. న్యూ సౌత్ వేల్స్‌లో నొప్పి రోజువారీ పనులకు అడ్డొస్తున్నవారు మగవారిలో 11, ఆడవారిలో 13.5 శాతం. బ్రిటన్‌లో పనులను ఓ మోస్తరుగా గానీ తీవ్రంగా గానీ కుంటుపరిచే నొప్పి 10.4 నుంచి 14.3 శాతం మధ్య ఉంది. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో ప్రకటించిన ప్రకారం మన దేశంలో మధుమేహం 11.4 శాతం. షుగర్ కొద్దిమంది జబ్బని ఇవాళ ఎవరైనా అంటే పక్కవాళ్ళు ఒప్పుకోరు. నొప్పి విషయంలో అత్యంత పిసినారి లెక్క కూడా దాదాపు ఆ వరుసలోనే నిలుస్తోంది. అయినా అదే మాటను నొప్పి గురించి నిస్సంకోచంగా అనేస్తున్నారు.

రెండో ఆక్షేపణ అనుమానంతో కూడినది, ఆ అనుమానానికి కారణమూ ఉంది. 1996లో ఆక్సికాంటిన్‌ను అమెరికా మార్కెట్లోకి తెచ్చిన పర్‌డ్యూ ఫార్మా, ఈ తరహా ఓపియాయిడ్ (నల్లమందు జాతి) నొప్పి మందులకు అలవాటుపడే ప్రమాదం తక్కువని వైద్యులను నమ్మించింది. దాని అనుబంధ కంపెనీ 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది. ఆ మందుల వ్యసనంతో అక్కడ లక్షలమంది చనిపోయారు. నొప్పి ఎంత ఎక్కువమందికి ఉందంటే అంత సరుకు అమ్ముడుపోతుంది కాబట్టి అంకెలను కంపెనీలే ఉబ్బించాయని చాలామంది అనుకున్నారు. పైన చెప్పిన యూరప్ సర్వేకు డబ్బిచ్చింది కూడా పర్‌డ్యూ సోదర సంస్థ ముండిఫార్మాయే. ఈ సంగతిని దాచాల్సిన పనిలేదు, దాచకూడదు కూడా.

అయితే న్యూ సౌత్ వేల్స్ సర్వే ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖది. అమెరికా సర్వే అక్కడి ప్రభుత్వ గణాంక విభాగం ఏటా ఇంటింటికీ వెళ్ళి చేసేది. ఆస్తమా నుంచి బీమా దాకా వందల ప్రశ్నల మధ్య నొప్పి ప్రశ్న ఒకటి. నొప్పి ఉన్నవాళ్ళే ముందుకొచ్చి జవాబిచ్చారనడానికి అక్కడ తావు తక్కువ. వృద్ధాశ్రమాల్లోనూ నర్సింగ్ హోముల్లోనూ ఉండేవారు అసలు ఆ సర్వేలో ఉండరు కాబట్టి లెక్క తగ్గే అవకాశమే ఎక్కువ. మరో సాక్ష్యం ఇంకా గట్టిది. అమెరికాలో ఓపియాయిడ్ చీటీలు 2012లో శిఖరానికి చేరి, ఆ తర్వాత దశాబ్దంలో దాదాపు సగానికి పడిపోయాయి. అంకె అమ్మకందారుల కల్పనే అయితే అమ్మకంతోపాటు అదీ పడిపోవాలి. కానీ నొప్పి ఉన్నవారి శాతం 2016లో 20.4 ఉన్నది 2021లో 20.9 అయింది, 2023లో 24.3కు పెరిగింది. తప్పుడు మందు అమ్మినవాళ్ళ నేరం నొప్పి పడుతున్నవారి మీద పడటం అన్యాయం. ఆ అన్యాయం ఇప్పటికీ జరుగుతోంది.

వయసు మీద పడితే నొప్పులు రాకుండా ఉంటాయా అన్నది అన్నిటికన్నా ఎక్కువగా వినబడే మాట. వయసుతో నొప్పి పెరుగుతుందన్నది నిజమే. బ్రిటన్‌లో 75 దాటినవారిలో 62 శాతం దాకా కనిపించింది. అయితే అదే లెక్కలో 18-25 ఏళ్ళ వారిలో 14.3 శాతం ఉంది. అంటే ఏడుగురు యువతీయువకుల్లో ఒకరు. అమెరికా సర్వేలో 45-64 ఏళ్ళ వారిలో 27.8 శాతం, 65-84 ఏళ్ళ వారిలో 27.6 శాతం. ఉద్యోగం చేస్తూ, పిల్లల చదువులకు ఫీజులు కడుతూ, ముసలి తల్లిదండ్రులను చూసుకుంటూ ఉన్న తరం తమ పెద్దవాళ్ళతో సమానంగా నొప్పి మోస్తోంది. నడివయసువారు సంఖ్యలో ఎక్కువ కాబట్టి, తలలు లెక్కపెడితే నొప్పితో ఉన్నవారిలో పనిచేసే వయసువారే అధికం. భారత్‌లో 45 ఏళ్ళు దాటినవారిని అడిగిన లాసీ (భారత దీర్ఘకాలిక వృద్ధాప్య అధ్యయనం) 2017-18 సర్వేలో మూడోవంతుకు పైగా మంది తరచూ నొప్పితో బాధపడుతున్నామన్నారు. నలభై అయిదు ముసలితనం కాదు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. వయసుతో వచ్చేదాన్ని సహజమని వదిలేస్తే బీపీనీ శుక్లాలనూ కూడా వదిలెయ్యాలి. శుక్లాలకు ఊరూరా శిబిరాలు పెడుతున్నాం.

వచ్చిన నొప్పి దానంతట అదే పోతుందన్న ఆశకూ ఆధారం తక్కువ. గ్రాంపియన్‌లో నొప్పి ఉన్నవారిని నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ అడిగితే 79 శాతం మందికి ఇంకా ఉంది. అమెరికాలో 2019లో అడిగినవారినే 2020లో అడిగినప్పుడు, కొత్తగా దీర్ఘకాలిక నొప్పి మొదలైనవారు ఏటా వెయ్యికి 52.4 చొప్పున తేలారు. అదే జనంలో కొత్తగా బీపీ వచ్చినవారు వెయ్యికి 45.3, మధుమేహం వచ్చినవారు 7.1.

ఇదంతా సుఖానికి అలవాటుపడ్డ ధనిక దేశాల బాధ, ఒళ్ళు వంచి పనిచేసే మనవాళ్ళకు ఇలాంటివి రావు అనేవారూ ఉన్నారు. ప్రపంచ మానసిక ఆరోగ్య సర్వేలు 17 దేశాల్లో జరిపి 2008లో ప్రచురించిన లెక్క దీనికి సూటిగా ఎదురుపోతుంది. ఏడాది కాలంలో దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారు అభివృద్ధి చెందిన దేశాల్లో 37.3 శాతం, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో 41.1 శాతం. పుణె దగ్గర భిగ్వాన్ గ్రామంలో 1996లో ఇంటింటికీ తిరిగి 4,092 మంది పెద్దవాళ్ళను అడిగితే 18.2 శాతం మందికి కీళ్ళ, కండరాల నొప్పులున్నాయి. అది పొలం పనుల పల్లెటూరు.

కష్టం ఒంటికి కవచమవుతుందన్న నమ్మకం తెలుగు నేలమీద ఇంకా తొందరగా కూలిపోతుంది. నాట్ల కాలంలో ఒక ఆడకూలి పనిని కాసేపు చూస్తే చాలు. ఎడమచేత నారుకట్ట, కుడిచేత్తో రెండు మూడు మొక్కలు విడదీసి బురదలో గుచ్చడం, ఒక అడుగు వెనక్కి వెయ్యడం, మళ్ళీ గుచ్చడం. మడి పూర్తయ్యేదాకా నడుము నిటారుగా నిలిచేది గట్టు ఎక్కినప్పుడే. రోజులో వేలసార్లు ఒకే వెన్నుపూసల మీద ఒకే బరువు పడుతుంది, అదీ ఒక కారు కాదు, ఏళ్ళ తరబడి. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని, ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి దారం కడతారు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని కడతారు కాబట్టి మెడ ఎత్తి విశ్రాంతి తీసుకున్న ప్రతి నిమిషమూ కూలిలో కోతే. మెడ, భుజాలు, నడుము పట్టెయ్యడం ఆ పనిలోనే ఉంది.

నీళ్ళు, జ్వరాలు తెచ్చిన నొప్పుల చరిత్ర కూడా ఇక్కడ ఉంది. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు గురించి మన దేశంలో తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. ఆ నివేదిక చెప్పిన ఊళ్ళు తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. నల్గొండ జిల్లాలో ఊళ్ళకు ఊళ్ళే ఫ్లోరైడ్ నీళ్ళు తాగాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. దానికి ఎన్నో రెట్ల ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్ళు ఏళ్ళతరబడి తాగినవారికి మొదట కీళ్ళు పట్టేస్తాయి, తర్వాత వెన్ను కొయ్యబారుతుంది, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి. మంచినీటి పథకం వచ్చి కొత్తగా జబ్బు రాకుండా ఆపగలదు గానీ, అప్పటికే వంగిన వెన్నుల్లోని నొప్పిని తియ్యలేదు. 2005-06లో రాయలసీమలో మొదలై ఆంధ్రప్రదేశ్ అంతా పాకిన చికున్‌గున్యా జ్వరం కొద్దిరోజుల్లో తగ్గినా, ఎంతోమందికి మణికట్టు, చీలమండ, మోకాలి నొప్పులు నెలలు, కొందరికి ఏళ్ళు ఉండిపోయాయి. ఇక మధుమేహం ఏళ్ళతరబడి ఉన్నవారిలో నరాలు దెబ్బతిని అరికాళ్ళు మండటం ఏ ఊళ్ళో అడిగినా తెలిసిందే.

స్కానులో ఏమీ లేదు కాబట్టి నొప్పి ఉండదన్న తీర్పు ఆస్పత్రి గదుల్లో రోజూ వెలువడుతుంది. ఈ తర్కం రెండువైపులా తప్పు. ఏ నొప్పీ లేని 3,110 మంది వెన్ను స్కానులను కలిపి చూసి 2015లో ప్రచురించిన సమీక్షలో, 20 ఏళ్ళవారిలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది, 80 ఏళ్ళవారిలో అది 96 శాతం. చిత్రంలో తేడా ఉండి నొప్పి లేనివాళ్ళు అంతమంది ఉన్నప్పుడు, చిత్రం శుభ్రంగా ఉండి నొప్పి ఉండటం అసాధ్యమని చెప్పే హక్కు ఆ చిత్రానికి లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డ సైనికులను చూసిన అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్, వారిలో దాదాపు ముప్పావు వంతుమంది నొప్పిమందు అక్కర్లేదన్నారని 1946లో రాశాడు. గాయం పరిమాణానికీ నొప్పి పరిమాణానికీ లంకె అంత బిగుతుగా లేదు.

దానికి కారణం నరాల వ్యవస్థ పనితీరులో ఉంది. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ వెన్నుపాములో నొప్పి సంకేతాలను పెంచే, తగ్గించే ఏర్పాటు ఉందని ప్రతిపాదించారు. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ప్రయోగాలు, గాయం తర్వాత వెన్నుపాములోని నాడీకణాలే అతిగా స్పందించే స్థితికి మారతాయని చూపాయి. ఆ స్థితిలో మామూలు స్పర్శ కూడా నొప్పిగా అందుతుంది. ఇలాంటి మార్పు ఎక్స్‌రేలోనూ, మామూలు ఎం.ఆర్.ఐ.లోనూ కనబడదు. దిగులు, నిద్రలేమి నొప్పిని పెంచుతాయి, నొప్పి వాటిని పెంచుతుంది. దీన్ని పట్టుకుని అంతా మనసులోనే ఉందనడం అర్ధసత్యంతో మనిషిని అవమానించడమే. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, తనకు నొప్పిగా ఉందని మనిషి చెప్పినదాన్ని గౌరవించాలని వివరణలో చేర్చింది.

ఇంతమందికి ఉంటే ఆస్పత్రుల్లో ఎందుకు కనబడరన్నది చివరి ప్రశ్న. యూరప్ సర్వేలోనే నొప్పి నిపుణుడి దగ్గర చికిత్స పొందుతున్నవారు 2 శాతం, ఏ చికిత్సా తీసుకోనివారు మూడోవంతు. మన దగ్గర నొప్పి మందుల షాపు కౌంటరు దగ్గరే ఆగిపోతుంది. నొప్పులకు రెండు బిళ్ళలివ్వమంటే డైక్లోఫినాకో ఎసిక్లోఫినాకో పారాసెటమాల్‌తో కలిసిన మాత్ర కత్తెరతో కత్తిరించి ఇస్తారు. చీటీ ఉండదు, పేరు రాసుకోరు. ఊళ్ళో ఆర్.ఎం.పి. సూది వేస్తే రెండు రోజులు పొలానికి వెళ్ళొచ్చు, మూడో రోజు మళ్ళీ సూది. నెలలకొద్దీ ఇలా సాగితే కడుపులో పుండు పడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. అప్పుడు ఆస్పత్రిలో చేరితే రికార్డులో కిడ్నీ జబ్బు అని రాస్తారు. పదేళ్ళ నడుమునొప్పి ఆ కాగితం మీదికి ఎక్కదు. ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. 2018 భారత సర్వేలో ఆడవారిలో నొప్పి 25.2 శాతం, అంటే ప్రతి నలుగురిలో ఒకరు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, తన నొప్పిని చిట్టచివర చెప్పుకునేది, చెప్పినా సాకు అనిపించుకునేది కూడా ఆమే.

లెక్కలోకి రాకపోవడానికి ఇంకో పెద్ద కారణం అడగకపోవడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంటింటికీ వెళ్ళి బీపీ, షుగర్ కొలిచింది. దీర్ఘకాలిక నొప్పి ఎందరికుందో చెప్పే అంచనా అందులోంచి రాలేదు. అసాంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమం కింద 30 దాటినవారికి చేసే పరీక్షలు బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు. లాసీ అడిగింది గానీ 45 దాటినవారినే. 2014 సర్వే నగరాలకే పరిమితం. కాబట్టి నాట్లు వేసే ముప్పై ఏళ్ళ కూలీ, బీడీలు చుట్టే పాతికేళ్ళ అమ్మాయి ఈ పెద్ద లెక్కల్లో ఎక్కడా లేరు. మూడు నెలల్లో నొప్పి ఎన్ని రోజులుంది, దానివల్ల పని ఎన్ని రోజులు ఆగింది అన్న రెండు ప్రశ్నలకు స్కాను అక్కర్లేదు, రక్తం తియ్యక్కర్లేదు. బీపీ పట్టీ చేతికి కట్టి అది ఉబ్బేలోపు ఆశా కార్యకర్తో ఏ.ఎన్.ఎం.ఓ అడిగి రాసుకోగలరు. వచ్చే విడత కుటుంబ ఆరోగ్య సర్వే ప్రశ్నావళిలో ఈ రెండు ప్రశ్నలు చేరితే, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో ఏ వయసువారికి, ఏ పని చేసేవారికి ఎంత నొప్పి ఉందో మొదటిసారిగా జిల్లాలవారీగా తెలుస్తుంది.